మెకానిక్ మాట ప్రమాణమా?

పాడైన ఫోన్లను బాగుచేసే పని మీద విశ్వవిద్యాలయాలు ఇప్పుడు పీహెచ్‌డీలు చేయిస్తున్నాయి. లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో లారా హ్యూస్టన్ రాసిన సిద్ధాంత గ్రంథం ఉగాండా రాజధాని కంపాలాలోని ఫోన్ మెకానిక్‌ల గురించినది. ఢాకా మెకానిక్‌లు పని ఎలా నేర్చుకుంటారో సయ్యద్ ఇష్తియాక్ అహ్మద్, స్టీవెన్ జాక్సన్ ప్రభృతులు పరిశీలించి 2014లో ప్రచురించారు. ఇలాంటి పరిశోధనకు డబ్బు పెట్టడాన్ని సమర్థించే కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి వ్యర్థాలు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది 22.3 శాతమే. రెండోది, వెనకబడినవాళ్లను కలుపుకుపోవడం. మొదటిదాని మీద పేచీ లేదు. రెండోదాని దగ్గరే ఆగి అడగాలి: కలుపుకోవడం అంటే దేనిలో కలుపుకోవడం? ఉద్యోగంలో అన్నది మామూలుగా వచ్చే జవాబు. అది అవసరమే, కానీ చాలదు. తెలిసినవాళ్ల వరుసలో చోటు ఇవ్వనంతకాలం ఆ కలుపుకోవడం సగంలోనే ఆగిపోయినట్టు.

తెలిసినవాడు అని ఎవరిని అనాలి? మన తర్కశాస్త్రం ఈ ప్రశ్నను చాలా గట్టిగా పట్టించుకుంది. న్యాయదర్శనంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం తర్వాత నాలుగో ప్రమాణం శబ్దం, అంటే ఆప్తుడి మాట. ఆప్తుడంటే ఎవరో వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు: విషయాన్ని స్వయంగా తెలుసుకుని, తెలిసినది తెలిసినట్టుగా చెప్పాలనే కోరిక ఉన్నవాడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒక్కటేనని కూడా అన్నాడు. పుట్టుక, పట్టా ఆ నిర్వచనంలో లేవు. ఆ భాష్యం మొదట్లోనే ఇంకో మాట ఉంది. ఒక జ్ఞానం సరైనదని తెలిసేది, దాన్ని నమ్మి చేసిన పని ఫలించినప్పుడు. దాహం వేసినవాడికి కనిపించింది నీళ్లా ఎండమావా అన్నది దగ్గరికి వెళ్లి తాగబోతే తేలుతుంది.

ఈ కొలతతో హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట జరిగే పనిని చూడండి. పూర్తిగా చచ్చిపోయిన ఫోన్ వచ్చింది. బ్యాటరీ తీసి బోర్డుకు పవర్ సప్లై తగిలిస్తారు. స్విచ్ నొక్కకముందే కరెంటు లాగుతోందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఆ వేలెడంత బోర్డు మీద వందల భాగాలు, కొన్ని ఆవగింజ కన్నా చిన్నవి. అప్పుడు వేడి సోల్డరింగ్ ఐరన్‌ను రోజిన్‌లో ముంచి, ఆ పొగ బోర్డు మీద తెల్లని పొరలా పట్టేలా చేస్తారు. మళ్లీ కరెంటు ఇస్తే, షార్టయిన భాగం వేడెక్కి దాని మీది తెలుపు కరిగిపోతుంది. తప్పు ఎక్కడుందో కనపడుతుంది. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం మన తర్క గ్రంథాలు అనుమానానికి ఇచ్చే పాత ఉదాహరణ. ఇక్కడ పొగ కరగడాన్ని చూసి నిప్పును పట్టుకుంటున్నారు. హేతువు, వ్యాప్తి, నిర్ణయం అన్నీ అందులో ఉన్నాయి. చివరి పరీక్షా ఉంది: ఫోన్ ఆన్ కావాలి. ఎన్నో సిద్ధాంత గ్రంథాలు ఇంత కఠినమైన పరీక్షకు నిలబడవలసిన అవసరమే రాదు.

అయినా పరిశోధనలో ఈ మెకానిక్ స్థానం ఏమిటి? ఆయన చెప్పింది బోర్డు గురించిన జ్ఞానంగా కాక, ఆయన గురించిన సమాచారంగా నమోదవుతుంది. ‘పట్టణ పేద యువకులు పరస్పర సహకారంతో నేర్చుకుంటారు’ అన్న వాక్యానికి ఆయన ఆధారం అవుతాడు. సాక్షిగా పిలిచి, వస్తువుగా రాసుకోవడం ఇది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చిన పరిశోధక విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అది ఎక్కువని అనను. పరిశోధకులకు ఇంకా ఇవ్వాలి. కానీ గంటల తరబడి పని ఆపి పాఠం చెప్పినవాడికి అందులో పద్దు లేకపోవడం అన్యాయం.

మెకానిక్‌కు చేయడం వస్తుంది గానీ ఎందుకో చెప్పలేడు, అందుకే అది జ్ఞానం కాదు అన్న ఆక్షేపణ ఉంది. బ్రిటిష్ తత్త్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949 నాటి గ్రంథంలో దీన్ని ఎదుర్కొన్నాడు. తెలివిగా చేసే ప్రతి పనికీ ముందు ఒక సూత్రాన్ని మనసులో తలచుకోవాలంటే, ఆ తలచుకోవడాన్ని తెలివిగా చేయడానికి ఇంకో సూత్రం కావాలి. మన పండితులు అనవస్థా దోషం అనేది ఇదే. పైగా ‘చెప్పలేడు’ అన్నదే నిజం కాదు. జిరాక్స్ కంపెనీ టెక్నీషియన్లను పరిశీలించి జూలియన్ ఆర్ 1996లో వెలువరించిన పుస్తకం చూపిందేమిటంటే, మాన్యువల్ చేతులెత్తేసిన చోట వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే కథలే యంత్రాన్ని నడిపించాయి. వాళ్లు చెబుతూనే ఉన్నారు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. చేతిపనిని జ్ఞానమని పొగడటం, ఆ పనిచేసేవాళ్లను అక్కడే కూర్చోబెట్టడానికి పనికొస్తుందన్నది. 1936లో ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ వాదించింది తెలిసిందే: కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనూ విడదీస్తుంది. వాత్స్యాయనుడి నిర్వచనాన్ని గౌరవించిన సంప్రదాయమే శూద్రులకూ స్త్రీలకూ వేదాధ్యయనం మూసిపెట్టింది. కాబట్టి గొప్ప నిర్వచనం ఒక్కటే ఎవరినీ లోపలికి తీసుకురాలేదు. మరమ్మతు వృత్తిలోనూ తలుపులున్నాయి. పని నేర్చుకునేది ఎక్కువగా బంధువు కొట్లోనో తెలిసినవాళ్ల కొట్లోనో. ఆ కుర్చీలో ఆడవాళ్లు అరుదు. సోల్డరింగ్ పొగ పీల్చడంలో ఘనత ఏమీ లేదు. నేను అడుగుతున్నది పొగడ్త కాదు. ఆప్తుడి హోదా అంటే ఎదురు చెప్పే హక్కు, తప్పు దిద్దే హక్కు, కావాలంటే ఆ పని వదిలి తరగతి గదిలో పాఠం చెప్పే దారి. కులం నిరాకరించింది సరిగ్గా వీటినే.

వియన్నాలో 1998లో మొదలైన ఆర్‌యూఎస్‌జెడ్ అనే మరమ్మతు కేంద్రం, చాలాకాలంగా ఉద్యోగం లేనివాళ్లకు పని నేర్పి నిలబెట్టింది. మంచి పని. మన దగ్గర అనుభవంతో నేర్చుకున్నవాళ్లకు కౌశల్ వికాస్ యోజన కింద ధ్రువపత్రం ఇస్తున్నారు, అదీ మంచిదే. అయితే అక్కడ కొలబద్ద ముందే తయారై ఉంటుంది, మెకానిక్ దానికి సరిపోతాడా లేదా అన్నదే పరీక్ష. నిధులిచ్చే సంస్థలు ఇంకో అడుగు వేయాలి. నేర్పిన గంటలకు బడ్జెట్‌లోనే పారితోషికం ఉండాలి. సాంకేతిక అధ్యాయాన్ని పరీక్షించేవాళ్లలో ఒకరు బోర్డు పని తెలిసినవాళ్లు కావాలి. కనిపెట్టిన కిటుకు ఎవరిదో వాళ్ల పేరు గ్రంథంలో ఉండాలి. పేరు వేస్తే చిక్కులు రావచ్చు నిజమే. కంపెనీలు బయటపెట్టని స్కీమాటిక్‌లతోనే, అంటే సర్క్యూట్ పటాలతోనే, చాలా పని నడుస్తుంది. అలాంటప్పుడు వేయాలా వద్దా అన్నది విశ్వవిద్యాలయ నైతిక కమిటీ ఒక్కటే తేల్చకూడదు. చిత్తుప్రతిని తెలుగులోనో ఉర్దూలోనో ఆ మనిషికి చదివి వినిపించాలి, ఆయన తీసేయమన్న పేజీ తీసేయాలి.