పిడక ఎండే దాకా

కిందటి డిసెంబరు చివరి వారంలో మా బాల్కనీలో భోగి పిడకలు ఎండబెట్టాం. దోహాలో బాల్కనీ తలుపు తీసి హాయిగా కూర్చోగలిగిన రోజులవి. రెండు స్టీలు పళ్లేల్లో వరసగా ఇరవై ఒక్క పిడకలు. పేడవి కావు. నాలుగో అంతస్తు ఫ్లాటుకి ఆవు పేడ ఎక్కడి నుంచి వస్తుంది? పాత న్యూస్‌పేపర్లు రెండు రోజులు నానబెట్టి, మెత్తగా రుబ్బి, మైదా గంజి కలిపి, టీ పొడి మరిగించిన నీళ్లతో రంగు తెప్పించి చేసినవి. ఒక్కోదాని మధ్య దండ గుచ్చడానికి చూపుడు వేలితో చిల్లు పెట్టాం. అక్కడక్కడా మెరూన్ రంగు పొడలు. డిసెంబరు 18న ఖతర్ నేషనల్ డేకి మా అమ్మాయి జెండా కత్తిరించింది. ఆ జెండా అంచుకి సరిగ్గా తొమ్మిది పళ్లుండాలి. లెక్క తప్పి రెండు కాగితాలు పాడు చేసింది. పాడైన కాగితం పిడకల్లో కలిసింది.

ఇరవై పిడకలూ ఒక తీరున ఉన్నాయి. ఒకటి మాత్రం లావుగా, మీద పెద్ద బొటనవేలి ముద్రతో ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆరేళ్ల పిల్ల రోజుకి పదిసార్లు వెళ్లి వాటిని నొక్కి చూసేది.

"అమ్మా, ఎండాయా?"

"ఇంకా లేదమ్మా."

"ఎప్పుడు ఎండుతాయి?"

"ఎండినప్పుడు."

ఆ జవాబు మా అమ్మమ్మది. తణుకు దగ్గర మా ఊళ్లో ధనుర్మాసం నెలపట్టగానే పిల్లలమంతా తట్టలు పట్టుకుని పేడకి బయల్దేరేవాళ్లం. ముగ్గుల్లో గొబ్బెమ్మలు, వాటి నెత్తిన గుమ్మడిపూలు, గోడల మీద భోగి పిడకలు. ఎన్నిసార్లు అడిగినా అమ్మమ్మ ఆ ఒక్క మాటే అనేది. అప్పట్లో అది కసురుకున్నట్టు వినిపించేది. ఇప్పుడు నా నోట వస్తుంటే, నా పిల్లలకి నేను నేర్పాలనుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉందేమోననిపిస్తోంది.

ఖతర్‌లో పెరిగే పిల్లకి ఋతువులు పాఠ్యపుస్తకంలో ఉంటాయి. వసంతం, గ్రీష్మం, వర్షం అని ఆరింటినీ గడగడా అప్పజెప్పేస్తుంది. ఇక్కడ ఏడాది పొడుగునా పడే వాన సగటున వంద మిల్లీమీటర్ల లోపే. మా గోదావరి జిల్లాల్లో ఒక్క జూలై నెల దాన్ని దాటేస్తుంది. ఇంట్లో ఏసీ పన్నెండు నెలలూ ఒకే చల్లదనం ఇస్తుంది. హైపర్‌మార్కెట్లో మామిడిపండు ఎప్పుడూ దొరుకుతుంది, ఒకప్పుడు పాకిస్తాన్‌ది, ఇంకొకప్పుడు కెన్యాది. కావాలన్నది ఫోన్లో నొక్కితే గంటలో గుమ్మం ముందు ఉంటుంది. ఈ సౌకర్యాన్ని నేను తప్పుపట్టను, దాని కోసమే సముద్రం దాటి వచ్చాం. అయితే పిలిచిన వెంటనే అన్నీ వచ్చే ఇంట్లో, పిలిచినా రానిది ఒకటుంటుందని పిల్లకి ఎలా తెలుస్తుంది? ఋతువు అంటే అదే కదా. దానికి సమయం వచ్చినప్పుడే వస్తుంది.

దోహా రాకముందు నేను నర్సరీ పిల్లలకి టీచర్ని. అందుకని మొదట్లో ఇదంతా చార్టులతో తేలిపోతుందనుకున్నాను. అమ్మాయికి నాలుగేళ్లప్పుడు ఒక జూలైలో, బయట 45 డిగ్రీలు దాటిన ఎండలో, ఇంట్లో వర్షఋతువు పెట్టాను. దూదితో మబ్బులు, నీలం దారాలతో వాన, బాత్‌టబ్బులో కాగితం పడవలు. పిల్ల సంబరపడింది. అరగంటలో అన్నీ అయిపోయాయి. మర్నాడు ఆ మబ్బుల వంక చూడనైనా లేదు.

నాకు చాలా బాధ కలిగింది. ఎందుకలా అయిందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఆ పడవలు పిల్లవి కావు, నావి. నా చిన్నప్పటి వీధి కాలవ కోసం నేను బెంగపెట్టుకుని, ఆ బెంగని పిల్ల చేత కత్తెర పట్టించి చేయించుకున్నాను. పైగా ఆ పనిలో ఎదురుచూపు లేదు. మా పడవల సంతోషమంతా వానకి ముందే ఉండేది. ఉక్కపోతలో ఆకాశం చూడటం, మబ్బు పట్టి విడిపోవడం, నోటుపుస్తకం వెనక కాగితాలు చింపి దాచుకోవడం. వాన రావడం చివర్లో జరిగేది. నేను ఆ చివరిదాన్ని మాత్రం ప్లాస్టరు వేసి గోడకి అతికించాను.

ఆ ఆగస్టులో సుహైల్ గురించి తెలుసుకున్నాను. గల్ఫ్ అరబ్బులు తరతరాలుగా ఎదురుచూసే నక్షత్రమది. వాళ్ల లెక్కలో ఆగస్టు 24 ప్రాంతం నుంచి సుహైల్ కాలం మొదలవుతుంది. తెల్లవారుజామున దక్షిణపు దిక్కున, దిగంతానికి దగ్గరగా కనిపిస్తే మండుటెండల కాలం తిరుగుముఖం పట్టినట్టు. ఏటా సెప్టెంబరులో దోహాలోని కతారా సాంస్కృతిక గ్రామంలో జరిగే డేగల, వేట ప్రదర్శనకి కూడా ఆ నక్షత్రం పేరే పెట్టారు. అదేమిటా అని వెతికితే, అది మన అగస్త్య నక్షత్రం! అగస్త్యుడు ఉదయిస్తే నీళ్లు తేటపడతాయని, శరత్తు వచ్చినట్టేనని మన పాత కావ్యాలు చెబుతాయి. అక్కడ వానలు వెనకబట్టడానికి గుర్తు, ఇక్కడ ఎండలు వెనకబట్టడానికి గుర్తు. రెండు నేలల వాళ్లూ ఒకే దీపం కోసం కాచుకుని ఉన్నారు.

నల్ల చార్టు మీద సూదితో చిల్లులు పొడిచాం. వెనక టార్చి పెడితే గోడ మీద నక్షత్రాలు. సుహైల్‌కి మాత్రం పెన్సిలు మొనతో పెద్ద చిల్లు, ఎందుకంటే రాత్రి ఆకాశంలోని నక్షత్రాల్లో సిరియస్ తర్వాత అంతగా వెలిగేది అదే. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు కొలవొచ్చని చూపించాను. దోహాలో సుహైల్ ఎంత పైకి లేచినా పిడికిలిన్నర ఎత్తు దాటదు, మా తణుకులో అయితే రెండు పిడికిళ్లు. సెప్టెంబరులో నాలుగు రోజులు తెల్లవారకముందే లేచి సముద్రపు ఒడ్డుకి వెళ్లాం. మొదటి మూడు రోజులూ దుమ్ము తెర. నాలుగో రోజు కనిపించింది. నాలుగేళ్ల పిల్ల పిడికిలి చాచి, ఒక కన్ను మూసి, మాట్లాడకుండా నిలబడిపోయింది. దూది మబ్బుల దగ్గర ఆ నిశ్శబ్దం నాకు దొరకలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఇక్కడి నేలా ఆకాశమూ ఏం చెబుతున్నాయో ముందు చూసి, ఆపైన చేతిపని వెతుక్కోవడం మొదలుపెట్టాను. రంజాన్ పద్నాలుగో రాత్రి ఇక్కడి పిల్లలు సంచులు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి పప్పుగింజలు, మిఠాయిలు పోయించుకుంటారు. దాన్ని గరంగావ్ అంటారు. ఆ సంచి కుడుతూ చంద్రుడి చక్రం ఒకటి చేశాం. ఇస్లామీ సంవత్సరం చంద్రుడినే నమ్ముకుని ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకి జరుగుతూ, ముప్పై మూడేళ్లకి అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. మన పంచాంగమూ చంద్రుడినే లెక్కపెడుతుంది గానీ, రెండున్నర మూడేళ్లకోసారి అధికమాసం కలిపి పండగని దాని ఋతువులోనే నిలబెడుతుంది. గరంగావ్ చలిలోనూ వస్తుంది, ఎండలోనూ వస్తుంది. ఉగాది వసంతంలోనే వస్తుంది. ఆ తేడా పిల్లకి కాగితపు చక్రం తిప్పినప్పుడు అర్థమైంది.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది బక్రీదు మొలకల బుట్ట. పక్క ఫ్లాటులో ఉండే బహ్రెయిన్ ఆవిడ చెప్పింది. వాళ్ల దేశంలో బక్రీదు ముందు పిల్లలు చిన్న ఈతాకు బుట్టల్లో గోధుమలో బార్లీయో చల్లి, నీళ్లు పోసి పెంచి, పండగ ముందు సాయంత్రం సముద్రంలో విసిరేస్తారట. హియ్యా బియ్యా అంటారు. ఆవిడ చెబుతుంటే నాకు తెలంగాణ తండాల్లో లంబాడీ ఆడపిల్లలు శ్రావణంలో చేసే తీజ్ పండగ కళ్లముందు మెదిలింది. తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, చివరికి చెరువులో కలుపుతారు. పెంచడం, ఆపైన నీళ్లకి అప్పగించడం. మా అమ్మాయి రోజూ పొద్దున్నే లేచి బుట్టకి నీళ్లు చల్లింది. మూడు రోజులు ఏమీ రాలేదు. నాలుగో రోజు తెల్లని మొన. అల్ వక్రా సముద్రపు ఒడ్డున బుట్ట విసరమంటే ఏడ్చింది. "ఇన్ని రోజులు పెంచాను కదా, ఎందుకు పారేయాలి?" అంది. నేనేమీ చెప్పలేదు. చీకటి పడేవరకు చేతిలోనే ఉంచుకుని, చివరికి తనే వదిలింది.

మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చింది. తెలివికి చెయ్యే పనిముట్టు అని ఆవిడ నమ్మకం. టీచరుగా చదువుకున్నప్పుడు దాన్ని అక్షరాలకీ అంకెలకీ వర్తించే సూత్రంగా రాసుకున్నాను. ఇప్పుడు ఇంకో అర్థం కనిపిస్తోంది. చేతికి పని ఇస్తే మనసు ఎదురుచూడగలదు. మొలక రాని మూడు రోజులూ పిల్లని నిలబెట్టింది ఆ నీళ్లు చల్లే పనే.

ఎదురుచూపు దానంతటదే మంచిదని మాత్రం నేననలేను. ఈ ఊళ్లో అలా అనడం అన్యాయం. పిడకలు చేస్తున్న రోజునే ఏసీ సర్వీసింగుకి ఒకతను వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె. పని ముగించుకుని, టీ తాగుతూ పళ్లేల వంక చూశాడు.

"గివేందక్కా?"

"భోగి పిడకలు. కాగితంతో చేస్తున్నాం."

"మా దిక్కు గివి చెయ్యరక్కా. మా బిడ్డ బతుకమ్మ మంచిగ పేరుస్తది. ఏడేండ్లు. ఫోన్ల జూపిస్తది."

"ఇంటికి ఎప్పుడు వెళ్తారు?"

"రెండేండ్లకోపారి లీవు. ఇంక పద్నాలుగు నెలలు."

జూన్ ఒకటి నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. ఆ తేదీలు అతనికి కంఠతా వచ్చు. అతని ఋతువులు అవి, ఇంకా లీవు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలన్న లెక్క ఉంది, అతని జీతం దాని దరిదాపుల్లో లేదు. మా పిల్లకి నేను ముచ్చటపడి నేర్పుతున్న ఎదురుచూపు, అక్కడ ఒక ఏడేళ్ల పిల్ల పుట్టినప్పటి నుంచీ చేస్తోంది. ఆ తండ్రీ అదే చేస్తున్నాడు. చేతిలో పని ఉన్న ఎదురుచూపు పండగవుతుంది, ఖాళీ చేతుల ఎదురుచూపు బెంగవుతుంది. ఆ రెండో దాన్ని నా దగ్గరున్న ఏ చేతిపనీ తీర్చలేదు.

మా అమ్మాయి ఇదేమీ ఆలోచించలేదు. గిన్నెలో మిగిలిన ముద్ద అతని ముందుకి జరిపి, "మామా, నువ్వూ ఒకటి చెయ్యి" అంది. అతను నవ్వి, చేతులు తుడుచుకుని, ఉన్న ముద్దంతా ఒక్కటే పిడక చేసి, బొటనవేలితో నొక్కి పళ్లెంలో పెట్టాడు. చెయ్యడానికి నిమిషం పట్టిందేమో. ఆ నిమిషమూ అతను గడియారం చూడలేదు.

భోగి వారం మధ్యలో వచ్చింది. ఆ సాయంత్రం మా మూడేళ్ల అబ్బాయికి భోగిపళ్లు పొయ్యడానికి రేగుపళ్లు కావాలి. ఏటా కొనేదాన్ని. ఈసారి మా అమ్మాయి పార్కు నుంచి గౌను జేబులు నింపుకుని వచ్చింది. సిద్రా చెట్టు కింద ఏరిందట. చిన్న గుండ్రటి కాయలు, కొన్ని అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. సిద్రా మన రేగుకి సొంత చుట్టం, ఒకే ప్రజాతి. 1995లో మొదలైన ఖతర్ ఫౌండేషన్ తన గుర్తుగా ఎంచుకున్నది ఈ చెట్టునే. ఎడారిలో బాటసారులకి నీడనిచ్చిన చెట్టు. ఇన్నేళ్లూ దాని కింద నడుస్తూనే ఉన్నాను, పైకి చూడలేదు. నా కళ్లు తణుకు రేగుచెట్టునే వెతుకుతున్నాయి. ఈ నేలలో పుట్టి పెరుగుతున్న పిల్ల కళ్లకి కనిపించింది. సిద్రా కాయలు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి తమ్ముడి నెత్తిన పోసింది.

భోగిమంట శుక్రవారానికి జరిపాం. మెసయీద్ అవతల ఇసుకతిన్నెల దగ్గర స్నేహితుల శీతాకాలపు క్యాంపు. ఇసుక మీద ఎత్తుగా నిలబెట్టిన ఇనప పొయ్యిలో కట్టెలు. పిల్లలందరికీ తలా కాసిని పిడకలు పంచి ఒక్కొక్కటే వేయించాం. కాగితం కదా, చప్పున అంటుకుని ఎర్రగా లేచింది. మెరూన్ పొడలు ఏవో, అమ్మమ్మ ఊరు ఏదో ఆ మంటలో తేడా తెలియలేదు.

చివర్న దండలో లావు పిడక ఒక్కటి మిగిలింది. వేసెయ్యమన్నాను. మా అమ్మాయి దాన్ని రెండు వేళ్లతో నొక్కి చూసి, తల అడ్డంగా ఊపింది.

"మామ చేసింది ఇంకా ఎండలేదమ్మా. లోపల తడిగా ఉంది."

"మరి ఎప్పుడు ఎండుతుంది?"

"ఎండినప్పుడు" అంది.

దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇప్పుడది బాల్కనీలో, ఎండ పడే మూల, పళ్లెంలో ఒక్కటే ఉంది.