దోషి కనిపించని విషం

సూరత్‌లోని పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడలు అద్దకపు మిల్లులకు నెలవు. మరమగ్గాలపై నేసిన సింథటిక్ చీర అక్కడ రంగు పులుముకొని దేశం నలుమూలలకూ చేరుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలలో చేనేత చితికిపోయినపుడు ఊళ్ళు విడిచిన పద్మశాలీ కుటుంబాలెన్నో ఈ నగరాన్నే ఆశ్రయించాయి. ఉధనా, లింబాయత్ వాడలలో తెలుగు మాట నేటికీ వినవస్తుంది. బట్టకు రంగు వచ్చిన చోటనే వారి బిడ్డలు నీరు త్రాగి పెరిగారు.

నెమలికంఠపు నీలాన్నిచ్చే కొన్ని రంగుల అణువు నడుమ రాగి ఉంటుంది. నైలాను, ఉన్ని బట్టలకు వాడే కొన్ని ముదురు రంగులలో క్రోమియం, కోబాల్టు ఉంటాయి. మురుగులోని సేంద్రియ పదార్థం కాలక్రమాన కుళ్ళి రూపు మాసిపోతుంది. లోహానికి ఆ గతి లేదు. అది బురదలో చేరుతుంది, చేపలోనికీ ఆకుకూరలోనికీ ప్రాకుతుంది, చివరకు మనిషి ఒంటిలో కాపురం పెడుతుంది. కాడ్మియం మూత్రపిండాలలో దశాబ్దాల తరబడి నిలిచి వాటిని పాడుచేస్తుంది. సీసం పసివారి మేధస్సును హరిస్తుంది. దానికి నిరపాయకరమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

2022 జనవరిలో సచిన్ వాడలో ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాన్ని కాలువలోనికి వదిలినపుడు వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు బలయ్యారు. అక్కడ దోషి కంటికి కనిపించాడు. ఆగ్రహానికి ఒక చిరునామా దొరికింది. జపానులోని మినమాటలోనూ పాదరసాన్ని వదిలింది ఒకే కర్మాగారం. అయినా వ్యాధి 1956లో గుర్తింపు పొందగా, కారణాన్ని ప్రభుత్వం అంగీకరించటానికి 1968 దాకా పట్టింది. మిల్లులు వందలుగా ఉన్నచోట వేలు ఎవరివైపు చూపాలి?

చట్టాన్ని తు.చ. తప్పక పాటించే మిల్లునే ఊహిద్దాం. నదీజలాలలోనికి వదిలే వ్యర్థజలంలో లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా క్రోమియం ఉండవచ్చునని నిబంధన. త్రాగునీటికి పరిమితి 0.05 మాత్రమే. ఆ మిల్లు దినానికి 10 లక్షల లీటర్లు వదిలితే, పరిమితిని దాటకుండానే రోజుకు 2 కిలోలు, 300 పనిదినాలకు 600 కిలోల లోహం నీటి పాలవుతుంది. యజమాని నేరస్థుడు కాడు. మరి నిర్దోషియా? చట్టం కొలిచేది గాఢతను. నేల దాచుకొనేది మొత్తాన్ని. ధర్మం ఈ రెండవ లెక్కనే అడుగుతుంది.

మిల్లు మూతపడితే ముందుగా వీధిన పడేది ఆ కార్మికుడే. కనుక అతని మౌనాన్ని సమ్మతిగా ఎంచటం అన్యాయం. చవక చీర కొనే ఇల్లాలికీ ఈ లెక్కలో పాలున్నది, కాని ఆమె చేతిలో కొలబద్ద లేదు.

వేలూరు ప్రాంతపు తోళ్ళ కర్మాగారాల వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు, కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్నది. అంతకంటె విలువైన మాట మరొకటి అన్నది: తన పని ప్రకృతికి చేటు చేయదని నిరూపించే భారం పరిశ్రమదే. ఈ మాటతో రోగి నెత్తిన ఉన్న మూట యజమాని నెత్తికి మారింది, కాగితం మీదనైనా.

ఉమ్మడి శుద్ధికేంద్రాలు నీటినుండి లోహాన్ని కొంత వేరు చేయగలవు. అపుడు మిగిలే బురదను అడుగున పొరలు పరచిన గుంతలలో పూడ్చాలి. లోహం అక్కడా చావదు, చోటు మారుతుందంతే. చీర నాలుగేళ్ళలో చిరుగుతుంది. ఆ గుంతకు మాత్రం మనుమల కాలందాకా కాపలా ఉండాలి.