కాలువనీరును కర్మఫలమును

చరకసంహితలో విమానస్థానమునందలి మూడవ యధ్యాయము, వైద్యగ్రంథమున సామాన్యముగా నెదురుపడని ప్రశ్న నొకదానిని లేవదీయుచున్నది. గ్రీష్మాంతమున, పాంచాలదేశమునందలి కాంపిల్యనగరమున, గంగాతీరవనమున శిష్యసమేతుడై సంచరించుచున్న ఆత్రేయ మహర్షి రానున్న యుపద్రవమును ముందుగనే గుర్తించి, భూమి విరసము కాకమునుపే యోషధులను సేకరింపుమని యగ్నివేశునకు చెప్పెను. అంతట నగ్నివేశు డడిగెను: ప్రకృతి వేరు, ఆహారము వేరు, బలము వేరు, వయస్సు వేరు అయిన జనులందఱు ఒకే కాలమున, ఒకే వ్యాధిచే నెట్లు నశింతురు? ఇది వైద్యుని ప్రశ్న యనుటకంటె తత్త్వజ్ఞుని ప్రశ్న యనుట యుక్తము. ఎవరి కర్మ వారిదే యైనచో, ఇందఱి ఋణములకు నొక్కనాడే గడువు తీరుట యెట్లు?

ఆత్రేయుని సమాధానము రెండంతస్తులది. మనుష్యులు వేరైనను, వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును అందఱకు సమానములు. అవి చెడినప్పుడు అందఱును చెడుదురు. ఇది మొదటిది. అవి యేల చెడునన్నచో అధర్మముచేత, అధర్మమునకు మూలము ప్రజ్ఞాపరాధము, అనగా తెలిసియుండియు తెలియనట్లు ప్రవర్తించుట. ఇది రెండవది. ఆ యధర్మమును ఆతడు రోగి తలపై మోపకుండుటను పాఠకుడు గమనింపవలెను. దేశమును, నగరమును ఏలువారు ధర్మము తప్పుదురు. వారి ననుసరించి తక్కినవారు తప్పుదురు. ఫలము మాత్రము ఊరంతయు ననుభవించును.

ఆ నాలుగింటిలో ఉదకమను మాట కృష్ణాడెల్టా దిగువభాగమున నివసించువారికి వ్యాఖ్యానము లేకయే బోధపడును. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైనది మొదలు బందరు, గుడివాడ ప్రాంతములును, పిమ్మట దివిసీమయు కాలువనీటిని నమ్ముకొని బ్రదుకుచున్నవి. సముద్రమునకు చేరువైన గ్రామములలో బావి త్రవ్విన ఉప్పునీరే పడుచుండుటచే, పొలమును తడుపు నీరే ఊరి మంచినీళ్ళ చెరువును కూడ నింపవలసి వచ్చెను. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు చెరువు నింపుకొనలేని యూరిలో ఆ రెండు నెలలును ఇల్లాండ్రకు కంటికి కునుకుండదు. పులిగడ్డ యక్విడక్టు దాటి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు సాగు నీరు, అంతకుమున్నే యెన్ని రేవులలో బట్టలుతుకగా చూచెనో, ఎన్ని గేదెలు తనలో పొరలగా చూచెనో, తెల్లవారుజామున నెందఱు గట్టులపై కూర్చుండగా చూచెనో లెక్కలేదు. మీది యూరివారికి అది పోయిన నీరు. శివారు గ్రామమువారికి అదియే వచ్చిన నీరు. పూర్వము మన పెద్దలు బిందెలో చిల్లగింజ నరగదీసి మట్టిని పేర్చి, తేటనీటిని వంచుకొనెడివారు. ఆ యుపాయము మంచిదే. కాని తేటదనమును శుద్ధియు నొకటి కావు. కంటికి కనబడు మట్టితోపాటు కంటికి కనబడనిదంతయు క్రిందికి దిగదు.

ఆ కనబడనిదానిని రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1884లో కలకత్తాయందలి యొక చెరువునీటిలో పట్టుకొనెను. వాంతిభేది కలిగించు ఆ సూక్ష్మజీవి రక్తమున ప్రవేశింపదు, మాంసమును తినదు. జీర్ణకోశపు ఆమ్లమును దాటి బ్రదికిన కొన్ని, చిన్నప్రేవుల గోడ నంటుకొని వృద్ధిపొంది యొక విషమును స్రవించును. ఆ విషమునకు లోబడి ప్రేవులు దేహమునందలి నీటిని, లవణములను కడుగునీళ్ళవలె వెలికి విడుచును. విషము సంగతి రుజువు చేసినవాడు కలకత్తా నగరపు శంభునాథ దే, 1959లో. రోగి దప్పికతో మరణింపవచ్చును. కాని ఆతని నుండి వెడలిన నీటిలో కోట్లకొలది క్రిములు మఱల చెరువును చేరును. అంతకంటె విచారింపదగినది వేఱొకటి కలదు. ఈ క్రిమి సోకినవారిలో పెక్కురకు ఏ బాధయు నుండదు. వారు తిరుగుదురు, వండుదురు, వడ్డింతురు, క్రిమిని వెదజల్లుచుందురు. సన్నిపాతజ్వరపు క్రిమిని మోయుచు తాను మాత్ర మారోగ్యముగా నుండిన న్యూయార్కు వంటమనిషి మేరీ మాలన్‌ను అచ్చటి యధికారులు 1907 మొదలు మూడేండ్లును, 1915 మొదలు ఆమె మరణించిన 1938 వఱకును నిర్బంధించి యుంచిరి. ఆమె చేసిన నేరమేమి? వంట చేయుట.

మన దార్శనికులు కర్మసిద్ధాంతమును సమర్థించుటకు చెప్పు హేతువులలో ప్రధానమైనది, అది లేనిచో రెండు దోషములు సంభవించుననుట. చేసినదానికి ఫలము లేకపోవుట కృతహానము. చేయనిదానికి ఫలము వచ్చిపడుట అకృతాభ్యాగమము. సంక్రామికవ్యాధులయం దీ రెండును మన కన్నులయెదుటనే నడచుచున్నవి. గట్టుపై కూర్చున్నవాడు సుఖముగా నింటికి పోవును. పది మైళ్ళ దిగువన పసిబిడ్డ మరణించును. దీనికి పూర్వజన్మను చూపువారు కలరు. ఆ బిడ్డయే యెన్నడో యేదో చేసియుండుననుటను కాదని నిరూపించుట యెవరి తరమును కాదు. కాదనుటకు వీలులేని సమాధానము విచారణను ముగించును గాని, చెరువును శుభ్రపఱుపదు. ఇంతకంటె నాకు గల యాక్షేపణము మఱియొకటి: ఆ సమాధానము పలుకువాడు సామాన్యముగా మీది యూరివాడై యుండును.

అట్లని క్రిమిశాస్త్రము సర్వమును విప్పిచెప్పెనని నేననను. 1892లో మ్యూనికు నగరమున పెటెన్‌కోఫర్ అను వృద్ధపండితుడు కాక్ మతమును ఖండింపదలచి, వాంతిభేది క్రిములతో నిండిన ద్రవమును త్రాగి, కొలదిపాటి విరేచనములతో బయటపడెను. బీజమొక్కటియే చాలదు, క్షేత్రమును కావలెను. క్రిమి యెంత లోనికి పోయినది, ఉదరపు ఆమ్ల మెట్టిది, దేహమునకు ఆ క్రిమితో పూర్వపరిచయము కలదా యనునవన్నియు కలిసి రోగమగును. అన్నియు లెక్కించిన పిదపను, ఈ బిడ్డయే యేల యనునది కొంత మిగులును. ఆ మిగిలినదానిని దైవమన్నను, యాదృచ్ఛికమన్నను నాకు తగవులేదు. చరకుడును ఆ యధ్యాయముననే ఆయువంతయు నియతమను వాదమును త్రోసిపుచ్చెను. మంచి బండియిరుసు తన కాలమునకు తానరిగి విఱుగును, అధికభారము మోపినచో నడుమనే విఱుగును. ఆయువును నట్లే యని యాతని యుపమానము. అంతటితో నాగక, జ్వరితునకు వేడినీరే యేల యీయవలెనను ప్రశ్నకు దిగెను. ధర్మాధర్మముల నుండి వేడినీటికి ఒక్క యధ్యాయమున దిగగలిగిన గ్రంథకర్తయందు నాకు మిక్కిలి గౌరవము.

ఆనుశాసనికపర్వమున భీష్ముడు, బంధువధకు తానే కారణమని కుములు ధర్మరాజునకు గౌతమి కథ చెప్పును. ఆమె పుత్రుని పాము కఱచెను. బోయవాడు పామును పట్టి తెచ్చెను. పాము, నన్ను మృత్యువు ప్రేరేపించెననును. మృత్యువు, నన్ను కాలుడు ప్రేరేపించెననును. కాలుడు, ఆ బాలుని కర్మయే కారణమనును. గౌతమి పామును విడిపించును. ఆమె క్షమ వందనీయము. కాని డెల్టావాసి యీ కథను దోమలతెరలో కూర్చుండి చదువవలెను. బోదకాలు ఒక్క కాటుతో వచ్చునది కాదు. మురుగునీట పుట్టిన దోమలు ఏండ్లతరబడి, వందలమారులు కుట్టగా కుట్టగా సన్నని పురుగులు దేహమున కుదురుకొనును. ఏ దోమను పట్టి తెత్తువు? ఏ దోమ యెవరి రక్తమునుండి దానిని తెచ్చినది? ఆ పురుగు పిల్లలు పగటివేళ లోపలి యవయవములలో దాగి, రాత్రి రెండవ జామున చర్మమునకు చేరువగు రక్తమునకు వచ్చును. కనుకనే ఫైలేరియా సిబ్బంది రాత్రివేళ తలుపుతట్టి వేలినుండి నెత్తురుచుక్క తీసికొందురు. కారణపరంపర యిచ్చట కాలునియొద్ద కాక, ఊరి మురుగుకాలువ యొద్ద తేలును.

కొల్లేటి కావలనున్న భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున, అమెరికాయందలి లెడర్లె ప్రయోగశాలలో, 1947లో ఈ రోగమునకు హెట్రజాన్ అను నౌషధము వెలువడెను. అది వాచిన కాలిని పూర్వరూపమునకు తేజాలదు. రక్తమునందలి పురుగు పిల్లలను నశింపజేయును, అనగా ప్రధానముగా ఎదుటివానిని కాపాడును. 2004 నుండి ప్రభుత్వము ఏటేట ఈ మాత్రలను ఆరోగ్యవంతులకు కూడ పంచిపెట్టించుచుండగా, నాకు లేని రోగానికి నాకెందుకండీ మాత్ర యని సణుగువారు ప్రతి వీథిని కలరు. వారి ప్రశ్న స్వార్థమైనను తార్కికమే. ఫలాపేక్ష లేని కర్మను గూర్చి సాయంకాలపు పురాణమున తలయూచినవాడే, తనకు ఫలము లేని యొక మాత్రను మ్రింగుటకు ప్రొద్దున వెనుదీయుట నాకు వినోదముగా నుండును. చేసినవాని కీడు వేఱొకని దేహమున ఫలించుటయే యీ వ్యాధుల స్వభావమైనప్పుడు, చేసినవాని మేలును వేఱొకని దేహముననే ఫలించును. అకృతాభ్యాగమము దోషము మాత్రమే కాదు. టీకాల యుపకారములో నొక గొప్పభాగము దానిపైననే నిలిచియున్నది.

మన గ్రామదేవతల యారాధనమున నీ జ్ఞానము సగము కలదు. అమ్మవారు పోసిన యింట గుమ్మమునకు వేపమండలు కట్టి, పోపు మాని, పరుల రాకను ఆపి, రోగిని దేవతవలె చూచెడివారు. పాపి యని దూషింపక, దేవత వచ్చి కూర్చున్న శరీరమని యాదరించుట యెంతటి సంస్కారము! కాని సాగనంపుట యను రెండవ సగము కలదు. జాతర చేసి అమ్మవారిని పొలిమేర దాటించుటతో ఊరివారి బాధ్యత తీరెను. పొరుగూరివారు తమ పొలిమేరయొద్ద కఱ్ఱలతో కాపుండెడివారు. మశూచి నిజముగా తొలగిన తీరు వేఱు. భారతదేశమున చివరి రోగి 1975లో కనబడెను; 1980లో లోకమంతటను అది నశించినదని ప్రకటించిరి. లోకమునుండి సాగనంపుటకు అవతల నొక పొరుగూరు లేదు. ఎవరి పొలిమేరను వారు కాచుకొను పద్ధతి యచ్చట పనికిరాకపోయెను.

మైల విషయమునను మన లెక్క క్రిమి లెక్కతో కలియదు. జ్ఞాతి దివిసీమలో మరణించిన, గుడివాడలోనున్నవానికి పది దినము లాశౌచము. శవమును మోసిన పరాయివానికి స్నానముతో శుద్ధి. ఇది బంధుత్వమును, దుఃఖమును కొలుచు కొలత. దానిని రోగపు కొలతగా సమర్థించువారు ఉభయమునకు నన్యాయము చేయుచున్నారు. చచ్చిన పశువును ఊరి మేలుకొఱకు మోసి పాఱవేసినవారిని ఊరిచెరువు తాకనీయక దూరముంచుటకు శుచిని సాకుగా చెప్పినది మన చరిత్రమున సిగ్గుపడదగిన ఘట్టము. ఆ చెరువును చెఱచినది వారు కారు.

1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు సుమారు 10,000 మంది మరణించిరి. ఎచ్చటెచ్చటినుండియో వచ్చిన స్వచ్ఛందసేవకులు పేరును, గోత్రమును తెలియని శవములను గుట్టలుగా పేర్చి దహించిరి. శవములవలన మహమ్మారి పుట్టునను భయము అప్పుడంతటను వ్యాపించినది. నీటమునిగి మరణించినవారి దేహములవలన అంటురోగములు పుట్టుట మిక్కిలి యరుదని నేటి వైద్యుల మతము. క్రిములు బ్రదికియున్నవారి ప్రేవులలో నుండును, గుమిగూడిన శిబిరములలో, ఉప్పునీరు చొచ్చిన చెరువులయొద్ద అవి చేతులు మారును. ఆ సేవకులు చేసినది వ్యర్థమని దీని యర్థము కాదు. దిక్కులేని ప్రేతమునకు అంత్యక్రియ చేయుట ధర్మము. ఆరోగ్యశాస్త్రపు సాక్ష్యము దానికి అక్కఱలేదు. ఆరోగ్యము కొఱకు చేయవలసిన పని వేఱు: నాగాయలంక, కోడూరు ప్రాంతములలో మిగిలినవారికి మరుగుగుంట లెచ్చట త్రవ్వవలెను, చెడిన చెరువు నెట్లు తోడివేయవలెను, అంతవఱకు త్రాగునీ రెక్కడినుండి తేవలెను, దానిలో బ్లీచింగు పొడి యెంత కలుపవలెను.