ఆగిన పందెము, ఆగని పందెము

మంచుగడ్డను ఎన్నడును త్రొక్కి యెరుగని మన పల్లెలవారికి మంచుమీది ఆటతో పనియేమని చదువరులు అడుగవచ్చును. ఆటతో పని లేదు గాని, ఆ ఆట నడిపించు పెద్దలకు ఎదురైన ప్రశ్నతో మనకు పని కలదు. ఒకరి యింట శవముండగా ప్రక్కయింట మేళము మ్రోగవచ్చునా?

మొదట ఆ ఆట ఎట్టిదో చెప్పెదము. బూట్ల అడుగున సన్నని ఉక్కుబద్ద బిగించుకొని, గడ్డకట్టిన నీటిపైన జారుచు, పైకెగిరి గాలిలో గిరగిర తిరిగి, మరల ఒంటికాలిమీద దిగుదురు. దీనికి ఫిగర్ స్కేటింగు అని పేరు. ఫిగర్ అనగా ఆకారము. పూర్వము ఉక్కు అంచుతో మంచుమీద ఎనిమిది అంకెవంటి గీత గీసి, ఆ గీతమీదనే మరల మరల నడచి చూపవలసియుండెను. తీర్పరులు వంగి ఆ గీతలను పరీక్షించెడివారు. 1990తో ప్రపంచ పోటీలలో ఆ పరీక్ష పోయినది, పేరు మాత్రము నిలిచినది.

1961లో ఈ ఆటలో ప్రపంచ పోటీలు చెకొస్లొవేకియాలోని ప్రేగు పట్టణమున జరుగవలసియుండెను. అమెరికా జట్టువారు న్యూయార్కులో విమానమెక్కిరి. ఫిబ్రవరి 15న ఉదయము బ్రస్సెల్సు దగ్గర దిగబోవుచు ఆ విమానము పొలములలో కూలినది. లోపలనున్న 72 మందియు చనిపోయిరి. నేలమీద తన పొలములో నున్న రైతు ఒకడును చనిపోయెను. ఈ సంగతి చెప్పుకొనునప్పుడు అతనిని మరచుట సులభము. పొలము పనివారమైన మనము మరువకుందుము.

చనిపోయినవారిలో ఆటగాండ్రు 18 మంది. వారితోకూడ నేర్పువారును, తలిదండ్రులును, తోబుట్టువులును పోయిరి. లారెన్స్ ఓవెన్ అను 16 ఏండ్ల బాలిక అప్పుడే తన దేశమున ప్రథమురాలుగా గెలిచినది. ఆమెతోకూడ అక్కయు, తొమ్మిది పర్యాయములు దేశమున గెలిచిన తల్లియు ఒక్క గడియలో పోయిరి. పదునెనిమిదిమంది అనగానే సిలోయము గోపురము క్రింద పడినవారు మనకు జ్ఞాపకము వత్తురు. వారేమి పాపము చేసిరని అడుగుట తగదని మన ప్రభువు అప్పుడే తేల్చెను గనుక ఆ మాట ఇక ఎత్తము.

అంతర్జాతీయ స్కేటింగు సంఘమువారు ఆ యేటి పోటీలను రద్దు చేసిరి. ఇది న్యాయమేనా? తక్కిన దేశములవారు ఏండ్ల తరబడి తెల్లవారక మునుపే లేచి సాధన చేసిరి. ఆ యేటి బహుమానము ఎవరికిని దొరకలేదు. అబ్షాలోము కొరకు దావీదు ఏడ్చుచుండగా, గెలిచి వచ్చిన సైనికులు సిగ్గుపడి దొంగలవలె పట్టణములోనికి పోయిరని చదువుదుము. యోవాబు కఠినుడే గాని, ఆ దినమున అతడు రాజుతో చెప్పిన దానిలో న్యాయము లేకపోలేదు. బ్రదికియున్నవారి కష్టమును కూడ లెక్కింపవలెను.

అయినను ఆపుటయే సరియని మా అభిప్రాయము. పందెమనగా ఎదుటివాడుండవలెను. ఎదుటివాడు పొలములో పడి చనిపోయిన పది దినములలోనే అతని ఖాళీ స్థలము ప్రక్కన నిలిచి గెలిచితిననుకొనువాడు దేనిని గెలిచినట్లు? ప్రేగులోనే పుట్టి, చిన్నతనముననే కెనడాకు పోయిన యెలినెక్ అన్నాచెల్లెండ్రు ఒక సంవత్సరము ఆగవలసివచ్చెను. 1962లో అదే ప్రేగులో పోటీలు జరిగినప్పుడు వారు జంటల పందెము గెలిచిరి. అందరికిని అట్టి రెండవ అవకాశము దొరకదని ఒప్పుకొందుము.

మేము పూర్వము కాపరిగా నున్న ఒక గ్రామములో పెండ్లినాటి ఉదయముననే వెనుకవీధి ముసలాయన కన్నుమూసెను. పెండ్లి ఆపవలెనని కొందరు, ఆపరాదని కొందరు మా వాకిట వాదులాడిరి. చనిపోయినవాని భార్యను మాత్రము ఎవరును అడుగలేదు. మేము పోయి అడిగితిమి. "పిల్లకు పెళ్లి చెయ్యండి అయ్యగారూ, మా వాకిటి ముందు మేళం మాత్రం వద్దు" అని ఆమె చెప్పెను. పెండ్లి జరిగినది. బయానా పోయెనని మేళగాండ్రను పిలిచిన పెదనాన్న మాతో కొంతకాలము మాటలాడలేదు.

ఈ సంగతి మరల మనస్సునకు వచ్చుటకు కారణము కలదు. 2025 జనవరి 29న వాషింగ్టనులో ఒక ప్రయాణికుల విమానమును సైన్యపు హెలికాప్టరును నదిపైన ఢీకొని 67 మంది చనిపోయిరి. అందులో 28 మంది ఈ ఆటకు చెందినవారే. వారు శిక్షణనుండి ఇండ్లకు వచ్చుచున్న పిల్లలు, వారి తలిదండ్రులు, నేర్పువారు. బోస్టను పట్టణపు స్కేటింగు సంఘమొక్కటే ఆరుగురిని పోగొట్టుకొనెను. రెండు మాసములలో ప్రపంచ పోటీలు ఆ బోస్టనులోనే జరుగవలసియుండెను. ఈసారి ఆపలేదు. మనుష్యుల హృదయములు గట్టిపడినవని మేము మొదట తలంచితిమి. పిమ్మట విచారించి చూడగా, ఆ పోటీలకు ఆతిథ్యమిచ్చినవారు దుఃఖములోనున్న ఆ సంఘమువారే.

దానికి ముందు మార్చి 2న, చనిపోయినవారి కుటుంబముల సహాయార్థము వాషింగ్టనులో ఒక ప్రదర్శన జరిగెను. తలిదండ్రులిద్దరిని ఒక్క దినమున పోగొట్టుకొనిన మాక్సిమ్ నౌమోవ్ అను యువకుడు మంచుమీదికి వచ్చెను. ఆ తలిదండ్రులు 1994లో జంటల ఆటలో ప్రపంచ విజేతలు, అతనికి ఆట నేర్పినవారును వారే. ఆట ముగియగానే అతడు మోకాళ్లూని ఏడ్చెను. అదే నెల చివరి వారమున బోస్టనులో పోటీలు ప్రారంభమాయెను. ఒక సాయంకాలమును చనిపోయినవారి జ్ఞాపకార్థము ప్రత్యేకించిరి. మరునాడు పందెము సాగినది.