కావలి ఒక్కరి పనా?

ఆ నోటు పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పేజీకి నాలుగు గళ్ళు గీసి, తేదీ వేసి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు అని రాసి, ప్రతి గడిలో ఒక అంకె. 112, 124, 118, 131. ఎక్కడా కొట్టివేత లేదు. మా ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రాసుకున్న షుగరు లెక్క అది. ఆ అంకెలు చూసి రెండు నెలలు మురిసిపోయాను. స్టాఫ్ రూములో నలుగురికీ చూపించాను కూడా.

మూడో నెల పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గత మూడు నెలల్లో షుగరు సగటున ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష ఒకటి చేయించారు. ఏడు దగ్గర ఉండాల్సింది పదకొండు దాటింది. డాక్టరు గారు ఏమీ అనకుండా అమ్మాయి సంచిలోంచి షుగరు చూసే మిషను తీసి బటన్ నొక్కారు. పాత అంకెలన్నీ అందులో నిల్వ ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. 286. 341. 302. చాలా రోజులకు అసలు అంకే లేదు.

తిరుగు బస్సు ఘాట్ రోడ్డు ఎక్కేదాకా ఆ పిల్లతో నేను మాట్లాడలేదు. తర్వాత ఉండబట్టలేక అడిగాను. "ఎందుకమ్మా అబద్ధం రాశావు?"

కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది. "మంచి నంబరు ఉంటే మీరు నవ్వుతారు సార్. లేకపోతే తిడతారు. అందరికీ పరీక్షలు ఏడాదికి కొన్నిసార్లే. నాకు రోజుకి నాలుగుసార్లు." కాసేపాగి ఇంకో మాట అడిగింది. "ఇది ఎప్పుడైపోద్ది సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అది అయిపోయేది కాదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. ఎప్పటికీ అయిపోని పనిని ప్రతిరోజూ చేయడానికి మనిషికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఒకరోజు ఆ బలం రాకపోతే తప్పు ఎవరిది?

ముందు జబ్బు సంగతి చెప్పాలి. షుగరు అంటే వయసు మళ్ళినవాళ్ళకు వచ్చేదని మన ఊళ్ళలో అనుకుంటాం. ఈ పిల్లకు వచ్చింది అది కాదు, టైప్ 1. మన పొట్టలో క్లోమం అనే గ్రంథి ఉంది. ఇన్సులిన్ అక్కడే తయారవుతుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటున ఆ కణాల మీద పడి వాటిని నాశనం చేస్తుంది. తీపి తిన్నందుకు ఇది రాదు. తల్లిదండ్రుల తప్పు వల్ల రాదు. చిల్లంగి వల్ల అసలే రాదు. ఇన్సులిన్ లేకపోతే తిన్న తిండి రక్తంలో చక్కెరగా తిరుగుతుందే తప్ప ఒంటికి పట్టదు. పిల్ల తింటూనే చిక్కిపోతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం. ఆపైన వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం. అప్పటికీ గుర్తించకపోతే ప్రాణమే పోతుంది.

మన పెద్దల ఆకు వైద్యాన్ని తీసిపారేసేవాణ్ణి కాను. నా చిన్నప్పటి దెబ్బలు మా అవ్వ పసరుతోనే మానాయి. కాని ఇన్సులిన్ చేసే కణాలే పోయిన చోట ఏ పసరూ ఇన్సులిన్ పుట్టించలేదు. పసరును నమ్మి సూది ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాట ప్రతి ఊళ్ళో చెప్పాల్సిన బాధ్యత మనది.

ఇన్సులిన్ లేని కాలం ఎంతో దూరంలో లేదు. కెనడాలోని టొరంటోలో 1921లో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల మీద ప్రయోగాలు చేసి దాన్ని పట్టుకున్నారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఎక్కించారు. ఎముకల గూడులా పడి ఉన్న పిల్లవాడు లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంకో పదమూడేళ్ళు బతికాడు. కథల్లో ఇక్కడ శుభం కార్డు పడుతుంది. నిజానికి అతని కష్టం అక్కడే మొదలైంది. మర్నాడు మళ్ళీ సూది. ఆ మర్నాడు మళ్ళీ. మా పిల్లకు రోజుకు నాలుగు సూదులంటే ఏడాదికి 1,460. చావును ఆపినది అద్భుతమే. ఆ అద్భుతాన్ని రోజూ మన చేతులతో మనమే చేసుకోవాల్సి రావడం మాత్రం చాకిరీ.

మేం ఉపాధ్యాయులం పట్టుదల గురించి చాలా పాఠాలు చెబుతాం. మనసుంటే మార్గం ఉంటుందంటాం. కాని మేం చూపించే ఉదాహరణలన్నీ ఎక్కడో ఒకచోట ముగిసే పనులే. పరీక్ష ముగుస్తుంది, మార్కులొస్తాయి. కొండ ఎక్కడం ముగుస్తుంది, శిఖరం వస్తుంది. ఈ పనికి శిఖరం లేదు. పైగా బాగా చేస్తే వచ్చే ఫలం కంటికి కనపడదు. కళ్ళు చెడకపోవడం, కిడ్నీలు పాడవకపోవడం, కాళ్ళ స్పర్శ పోకపోవడం. అంటే ఏమీ జరగకపోవడమే బహుమతి. పద్నాలుగేళ్ళ పిల్లకు ఇరవై ఏళ్ళ తర్వాత జరగబోని దాన్ని చూపించి, ఈ రాత్రి సూది వేసుకోమంటున్నాం.

ఇలాంటి పని మన జీవితంలో ఇంకెక్కడైనా ఉందా అని చాలా రోజులు ఆలోచించాను. ఉంది. కావలి.

నా చిన్నప్పుడు కొండ మీద మా పోడు చేను ఉండేది. సామ, కొర్ర వెన్ను పట్టాక అడవి పందులు దిగేవి. మంచె మీద రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. ఒక్క రాత్రి నిద్రపోతే ఏడాది కష్టం పోతుంది. మరి రాత్రంతా మేలుకుంటే పొద్దున కనపడేది ఏమిటి? నిన్నటి చేనే. కొత్తగా వచ్చిందేమీ లేదు. పోకుండా ఉంది, అంతే.

మా అయ్యకు ప్రతి రాత్రీ ఉత్సాహం ఉండేదా? ఉండేది కాదు. ఆయనకు వంతు ఉండేది. ఈ రాత్రి ఆయన, రేపు చిన్నాన్న, ఎల్లుండి మా బావ. అయ్యకు జ్వరమొస్తే ఇంకొకరు మంచె ఎక్కేవారు. ఎందుకు రాలేదని ఎవరూ నిలదీసేవారు కాదు. అవతలి కొండ మీది మంచె నుంచి ఎవరో కూత వేస్తే అయ్య తిరిగి కూత వేసేవాడు. ఆ కూతతో పందులూ బెదిరేవి, నిద్రా పోయేది. నేనొక్కణ్ణే మేలుకుని లేనన్న సంగతీ తెలిసేది. కావలి మనిషి మనసులోని గట్టిదనం మీద నడవలేదు. పక్క మంచె మీద మనిషి ఉన్నాడన్న నమ్మకం మీద నడిచింది.

ఇది కేవలం పోలిక కాదు. షుగరు వైద్యంలో పెద్ద పేరున్న ఒక పరిశోధన 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాలలో జరిగింది. టైప్ 1 ఉన్న 1,441 మంది అందులో ఉన్నారు. షుగరును గట్టిగా అదుపులో పెట్టుకున్నవారిలో కంటి జబ్బు కొత్తగా మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. ఈ అంకెను అందరూ చెబుతారు. ఆ అదుపు ఎలా వచ్చిందన్నది తక్కువ మంది చెబుతారు. వాళ్ళను సూదులిచ్చి ఇంటికి పంపేయలేదు. నెలనెలా నర్సులు, డాక్టర్లు, తిండి లెక్క చెప్పేవాళ్ళు కలిసి చూశారు. మధ్యలో ఫోన్లు చేసి మాట్లాడారు. అంటే ఆ పరిశోధనలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు పక్క మంచె నుంచి కూత వినపడుతూనే ఉంది. మన పిల్లలకు మాత్రం సూది చేతికిచ్చి, "నీ ప్రాణం నీ చేతుల్లోనే ఉంది" అని చెప్పి పంపేస్తున్నాం. ఆ మాట వినడానికి ధైర్యం చెప్పినట్టు ఉంటుంది. నిజానికి అది వదిలించుకోవడం.

ఈ మాట అంటే మా తోటి మాస్టారు ఒకరు అడ్డుచెప్పారు. "అందరూ వెనకాల ఉంటే ఆ పిల్ల తన కాళ్ళ మీద ఎప్పుడు నిలబడుతుంది?" మంచి ప్రశ్న. దానికి నా జవాబు నా తప్పులోనే దొరికింది. ఆ రెండు నెలలు నేనూ ఆమె వెనకాలే ఉన్నాను. రోజూ పుస్తకం అడిగాను, అంకె చూశాను, తిట్టాను. అది కావలి కాదు, నిఘా. నిఘా మనిషిని చూస్తుంది. కావలి మనిషి పక్కన నిలబడి, వచ్చే ప్రమాదాన్ని చూస్తుంది. నిఘా ఉన్నచోట మనిషి దాక్కుంటాడు, తప్పుడు అంకెలు రాస్తాడు. కావలి ఉన్నచోట "ఇటు పంది వచ్చింది" అని తనే కేకేస్తాడు. వంతు పంచుకున్నంత మాత్రాన చేను ఇంకొకరిది అయిపోదు. సూది ఆ పిల్లదే, ఒళ్ళూ ఆ పిల్లదే.

ఇంకో కష్టమైన ప్రశ్న ఉంది. ఒకరోజు ఆమె సూది పక్కన పెట్టేసి, "నా ఒళ్ళు సార్, నా ఇష్టం. విసిగిపోయాను" అంది. విసిగిపోయే హక్కు ఆమెకు ఉందా? ఉంది. పూర్తిగా ఉంది. మరి ఆపేసే హక్కు? నా మనసు లేదనే అంటుంది. కాని ఆ మాట ఆమెతో అనే హక్కు నాకు ఎక్కడి నుంచి వస్తుంది? ఉపాధ్యాయుణ్ణి కాబట్టి రాదు. పెద్దవాణ్ణి కాబట్టీ రాదు. మంచె ఎక్కనివాడు కింద నిలబడి "నిద్రపోకు" అని అరిస్తే ఎవరు వింటారు? వంతు కాసినవాడికే మేల్కొమ్మని చెప్పే హక్కు ఉంటుంది. నేను ఇప్పటికి తేల్చుకున్న నీతి ఇదొక్కటే. విసుగు పోయాక సూది వేసుకోమని కూడా చెప్పనక్కర్లేదు. విసుగుతోనే వేసుకోవచ్చు. మా అయ్య ఎన్ని రాత్రులు తిట్టుకుంటూ మంచె ఎక్కలేదు!

ఆ తర్వాత మా బడిలో కొన్ని పనులు మార్చుకున్నాం. పెద్దవేమీ కాదు.

మొదటిది, అంకెను మార్కులా చూడటం మానేశాం. జ్వరం వచ్చినా, నెలసరి వచ్చినా, పరీక్ష భయం పట్టుకున్నా షుగరు మారుతుంది. పిల్ల ఏ తప్పూ చేయకపోయినా 300 రావచ్చు. కాబట్టి "ఎందుకొచ్చింది" అని నిలదీయం. "ఇప్పుడేం చేద్దాం" అని అడుగుతాం. ఒకసారి ఇద్దరం కూర్చుని చూస్తే, పొద్దున జావ తాగిన రోజుల్లోనే షుగరు ఎక్కుతోందని తేలింది. చోడి జావ షుగరుకు మంచిదని మా నమ్మకం. అందులో కలిపే బెల్లం సంగతే మరిచిపోయాం.

రెండోది, వంతులు వేసుకున్నాం. పొద్దున ఏఎన్ఎం, మధ్యాహ్నం ఒక టీచరు, సాయంత్రం నేను, రాత్రి ఆమె పక్క మంచం స్నేహితురాలు. పని ఏమిటంటే సూది వేసుకునే ఆ ఐదు నిమిషాలు పక్కన కూర్చోవడం. కబుర్లు చెప్పినా సరే.

మూడోది, షుగరు పడిపోతే ఏం చేయాలో తరగతి మొత్తానికీ నేర్పాం. వణుకు, చెమట, తికమక మాటలు కనపడితే వెంటనే మూడు చెంచాల చక్కెర గాని తేనె గాని ఇవ్వాలి. పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇప్పుడు ఆమె స్నేహితులు ఆటకు వెళ్ళినా చక్కెర పొట్లం లేకుండా కదలరు.

నాలుగోది, సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు కుండ. వాళ్ళ ఊళ్ళో ఫ్రిజ్ లేదు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, నడుమ చిన్న కుండ దించి, ఇన్సులిన్ సీసాను తడవకుండా కవరులో చుట్టి అందులో పెట్టి, తడిగుడ్డ కప్పాలి. వాళ్ళ అమ్మ ఒక్కసారి చూసి నాకంటే బాగా చేసింది.

ఒక మాట మరవకూడదు. సీసాయే అందని చోట పట్టుదల గురించి మాట్లాడటం అన్యాయం. మన దేశ అత్యవసర మందుల జాబితాలో ఇన్సులిన్ ఉంది. అది కొండ మీది పిల్ల దాకా రావాలి, షుగరు చూసే పట్టీలూ రావాలి. చదువుకున్న మన యువకులు అర్జీ రాసి, వెంటపడి ఆ పని సాధించాలి. అదీ వంతే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈవా సాక్స్ల్ అనే యూదు శరణార్థి షాంఘై నగరంలో చిక్కుకుపోయింది. ఆమెకు టైప్ 1. నగరం జపాన్ సైన్యం చేతికి చిక్కాక ఇన్సులిన్ దొరకలేదు. ఆమె, భర్త విక్టర్ ఒక వైద్య పుస్తకం చదివి, గేదెల క్లోమం తెచ్చి, ప్రయోగశాలలో నానా తంటాలు పడి ఇన్సులిన్ తయారుచేశారు. కుందేళ్ళ మీద పరీక్షించాక ఈవా వేసుకుంది. తన ఒక్కదానికి సరిపోయేంతతో ఆగిపోలేదు. అక్కడి వందలాది షుగరు రోగులకు అందించి బతికించింది. కాపు కావలసిన మనిషే ఊరి కావలి కాసింది.

పోయిన నెల ఒక సాయంత్రం మా అమ్మాయి పుస్తకం తెచ్చి నా ముందు తెరిచి పెట్టింది. ఆ గడిలో 312. పైన ఒక కొట్టివేత, పక్కన చిన్న అక్షరాల్లో "పెళ్ళి భోజనం" అని ఉంది. నేను ఏమీ అనకముందే, "ఇప్పుడేం చేద్దాం సార్?" అంది. డాక్టరు గారు రాసిచ్చిన కాగితం తీసి ఇద్దరం చూసుకున్నాం.

ఇది ఎప్పుడైపోద్ది అన్న ఆమె ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కాని ఈ సాయంత్రం వంతు ఎవరిదని అడిగితే చెప్పగలను. నాదే.