‘ఏమో’ అను మాటలోని సత్యము

ఢిల్లీలో లోదీ రోడ్డు మీద భారత వాతావరణ శాఖవారి ప్రధాన కార్యాలయము గలదు. అచ్చటినుండి ప్రతిదినము వెలువడు వాతావరణ సూచనకు హిందీలో ‘పూర్వానుమాన్’ అని పేరు. తెలుగునాటినుండి క్రొత్తగా వచ్చినవారు ఆ పేరు విని చిఱునవ్వు నవ్వుట సహజము. వారి చెవికి అది వానమీద ముందుగనే పెట్టుకొనిన అనుమానమువలె తోచును. హిందీలో అనుమానమనగా అంచనా. తెలుగులో అనుమానమనగా శంక, ఒక్కొక్కప్పుడు నిందకు తొలిమెట్టు. న్యాయదర్శనమునందైతే అనుమానము ప్రమాణములలో ఒకటి; కొండపై పొగను చూచి అచ్చట నిప్పు గలదని నిశ్చయించుట. సంశయమును తొలగించు సాధనమునకు గల పేరే మన వాడుకలో సంశయమునకు పేరైనది!

ఈ మార్పు మొదట భాషలో జరిగినదో, మనస్సులో జరిగినదో చెప్పుట కష్టము. పొగకును నిప్పునకును విడరాని సంబంధమున్నది. తార్కికులు దానిని వ్యాప్తి యందురు. ప్రొరుగింటివాడు రెండు దినములు ఆలస్యముగా ఇల్లు చేరినంతమాత్రమున అతని నడవడికిని ఆ ఆలస్యమునకును అట్టి సంబంధమేమియు లేదు. అయినను మనస్సు పొగనుండి నిప్పునకు పోయినంత ధీమాగా అచ్చటికి పోవును. గౌతముని అనుమానము వేఱు, వీథి అరుగుమీది అనుమానము వేఱు. రెండింటికి ఒకే పేరుండుటచే రెండవది మొదటిదాని గౌరవమును అరువు తెచ్చుకొనుచున్నది.

సంస్కృతమున సందేహమును తెలుపు పదములు తమలోనే ఒక బోధను దాచుకొనియున్నవి. ‘సంశయ’ శబ్దము పరుండుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. రెండు పక్షములమీద పరుండి ఏ పక్షమునకును లేవలేని బుద్ధి సంశయము. సందెచీకటిలో కనబడునది మ్రోడో, మనుష్యుడో తెలియకుండుట దీనికి నైయాయికులిచ్చు ఉదాహరణము. వారు తమ పదునాఱు పదార్థములలో సంశయమునకు మూడవ స్థానమిచ్చిరి. బొత్తిగా తెలియని విషయమునందు విచారము పుట్టదు. పూర్తిగా తెలిసిన విషయమునందును పుట్టదు. సంశయమున్న చోటనే విచారమునకు చోటు. కఠోపనిషత్తులో నచికేతుడు మూడవ వరము నడుగునపుడు వాడిన పదము ‘విచికిత్స’. చూడగోరుట, తెలియగోరుట అను భావము ఆ పదనిర్మాణములోనే యున్నది. వైద్యమునకు పేరైన చికిత్సయు అదే ధాతువు సంతానము. మరణానంతరము ఆత్మ కలదందురు కొందఱు, లేదందురు కొందఱు. ఆ బాలుడు ఈ రెండింటి నడుమ పరుండియుండక యముని వాకిట నిలిచి యడిగెను. యముడు దేవతలకును ఈ సందేహము కలిగినదని చెప్పెనేగాని, సందేహించినందులకు అతనిని గద్దింపలేదు.

భగవద్గీత నాల్గవ అధ్యాయమున సంశయాత్ముడు చెడునని యున్నది గదా యని ఆక్షేపింపవచ్చును. ఆ అధ్యాయముననే గురువును పదే పదే ప్రశ్నించి తెలిసికొనుమనియు చెప్పబడినది. ఆఱవ అధ్యాయమున అర్జునుడు తన సంశయమును మిగులకుండ ఛేదింపుమని ప్రార్థింపగా శ్రీకృష్ణుడు ప్రేమతో బదులిచ్చెను. సంశయము కలుగుట యొకటి, సంశయమునే స్వభావముగా చేసికొని అందు కాపురముండుట మఱియొకటి. చెడువాడు ఈ రెండవవాడు.

ఇక నిత్యవ్యవహారములోని చిన్న మాటలు. ‘ఏమో’, ‘కాబోలు’, ‘బహుశా’, ‘అట’ అనువానిని తెలుగువారు దినమునకెన్నిమారులు పలుకుదురో లెక్కలేదు. సంస్కృతమున ‘బహుశః’ అనగా అనేకమారులు అని యర్థము. పలుమారులు జరిగినది ఇప్పుడును జరుగవచ్చునను ఊహతో తెలుగున అది సందేహవాచకమైనది. ఢిల్లీ వీథులలో వినవచ్చు ‘షాయద్’ పారసీకము; తగియుండుట, పొసగుట అను అర్థమునుండి వచ్చినది. ఇట్టి పదము సత్యమా, అసత్యమా యనునది విషయమునుబట్టి తేలదు, పలుకువాని యెఱుకనుబట్టి తేలవలెను. ఎఱుగనివాడు ‘ఏమో’ యనుట సత్యవాక్యము. ఎఱిగియుండి ఇరుగుపొరుగుల తగవులో సాక్ష్యము చెప్పవలసివచ్చినపుడు ‘ఏమో, నాకేమి తెలియును’ అని తప్పుకొనువాడు అబద్ధమాడినవాడే.

ఢిల్లీ నగరమే దీనికొక నిదర్శనమును చూపుచున్నది. యమునకు సమీపమున నున్న పురానాకిలాయే పాండవుల ఇంద్రప్రస్థమని చిరకాల ప్రతీతి. ఇరువదవ శతాబ్దారంభము వఱకు ఆ కోటగోడల లోపల ఇందర్‌పత్ అను పల్లె యుండెను. ఇంద్రప్రస్థ నామముగల 14వ శతాబ్దపు శాసనమొకటి రైసీనా ప్రాంతమున దొరకినది. 1954-55లోను, మఱల 1969 నుండి 1973 వఱకును బి.బి. లాల్ మొదలగు పురాతత్త్వజ్ఞులు అచ్చట త్రవ్వి, మౌర్యుల కాలమునుండి మొగలుల కాలము వఱకు జనావాసపు పొరలను చూచిరి. అంతకు ముందటి కాలపు బూడిదవన్నె చిత్రిత పాత్రల పెంకులును దొరకినవి. ఇన్ని యుండియు ధర్మరాజు సభామండపమిదియే యని చేతితో చూపదగినదేదియు లభింపలేదు. కనుక ‘బహుశా ఇదియే ఇంద్రప్రస్థము’ అనుట న్యాయము. ఆ ‘బహుశా’ను తీసివేసినచో భక్తి పెరుగదు, సత్యము మాత్రము తఱుగును. ‘కానేకాదు’ అని కొట్టివేయువారును అదే దోషమునకు పాల్పడుచున్నారు.

ఆ కోటకు కొలది దూరములో తిలక్ మార్గమున సర్వోన్నత న్యాయస్థానము గలదు. 1973లో ఒక హత్యాభియోగపు తీర్పున న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణ అయ్యర్, ‘చేసియుండవచ్చును’ అనుటకును ‘చేసియే యుండవలెను’ అనుటకును నడుమ చాల దూరమున్నదను భావమును వ్యక్తపఱచిరి. తెలుగులో ఈ దూరము ‘వచ్చును’, ‘వలెను’ అను రెండు చిన్న తోకలలో నిలిచియున్నది. ఒక మనుష్యుని ప్రాణమో, స్వేచ్ఛయో వానిమీద వ్రేలాడును. అదే తీర్పున ఊహామాత్రపు సందేహములకు లొంగి దోషులను విడిచిపెట్టరాదనియు వారు హెచ్చరించిరి. 1872 నాటి సాక్ష్యచట్టము ఒక విషయము నిరూపితము కావచ్చును, అసత్యమని నిరూపితము కావచ్చును, ఈ రెండును గాక అనిరూపితముగా మిగిలిపోవచ్చును అని మూడు స్థితులను చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమును ఈ మూడింటిని నిలుపుకొన్నది. ఇండ్లలో జరుగు తీర్పులందు ఈ మూడవ స్థితికి చోటుండదు. అత్తగారి గాజు కనబడకపోయినచో పనిమనిషి దొంగయైనను కావలెను, కాకయైనను పోవలెను. తెలియదు అని ఊరకుండుట ఎవరికిని చేతకాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ‘అట’ యను ప్రత్యయమేమో! ‘ఆయన లంచము తీసికొనెనట’ అనువాడు తాను చెప్పలేదనును, ఎవరో చెప్పిరనును. సందేహము తనది, నింద మాత్రము ఎదుటివానిది. ఇంద్రప్రస్థమేలిన ధర్మరాజు కురుక్షేత్రమున అశ్వత్థామ మరణమును బిగ్గరగా చెప్పి, ఏనుగు అను మాటను మెల్లగా అనెను. అక్షరమునుబట్టి చూచిన అతని మాట నిజమే. అయినను అంతవఱకు నేలకు నాలుగంగుళములు పైన నడచుచుండిన అతని రథము నేలనంటెనని మహాభారతము చెప్పుచున్నది. ‘అట’ను కూడ మనమట్లే మెల్లగా పలుకుదుము, వినువాని చెవిలో అది పడదు, లంచము మాత్రము పడును.

1948లో దుర్గాబాయమ్మగారు ఢిల్లీలో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలవంటి చోట్ల తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఒకే పిల్లవాని నోట కలిసిమెలిసి యుండును. అట్టి పిల్లవాడు చేయి పైకెత్తి ‘డౌట్’ అనును. ఇంగ్లీషువానికి ఆ మాట ఉపాధ్యాయుని నమ్మకపోవుటగా వినబడవచ్చును. మన పిల్లవాని భావము ప్రశ్న యని మాత్రమే. నచికేతుని విచికిత్స ఇంగ్లీషు చొక్కా తొడుగుకొని తరగతిలో కూర్చున్నది. దానికి ఉపాధ్యాయుడు తడబడక ‘ఏమో నాయనా, నాకును తెలియదు, రేపు చూచి చెప్పెదను’ అనినయెడల పిల్లలు మొదట విస్తుపోదురు. మఱునాడు వారు ఆయన చేతిలో పుస్తకమున్నదా లేదా యని చూతురు.