దంభము – దర్పము – అతిమానము

ఆంగ్లభాషలో ‘స్వాగర్’ అను పదమొకటి కలదు. షేక్స్పియర్ నాటకములలోనే కానవచ్చు ఈ మాటకు ‘ఊగుట’ అను అర్థము గల ధాతువు మూలమని భాషావేత్తలు భావింతురు. రొమ్ము విరుచుకొని, భుజములూపుచు నడచుట దీనికి ఒక అర్థము. గొప్పలు చెప్పుకొనుట మరియొకటి. ఎదుటివానిని గద్దించి లొంగదీయుట వేరొకటి. సైన్యాధికారులు చంకలో పెట్టుకొని తిరుగు పొట్టికర్రకును ఆ పేరే పెట్టినారు. నేటి యువకులు దానినే దర్జాకు, ధీమాకు మారుపేరుగా వాడుచు మెచ్చుకొనుచున్నారు. మన తెలుగున మాత్రము మాటలకు కొదువయా? డాబు, బడాయి, టెక్కు, డంబము, ఆడంబరము! పేర్లెన్ని ఉన్నను రోగమును గుర్తింపవలెనన్న వైద్యుని యొద్దకే పోవలెను.

శ్రీమద్భగవద్గీత 16వ అధ్యాయము 4వ శ్లోకమున గీతాచార్యుడు ఆసురీ సంపదను వివరించుచు దంభమును, దర్పమును మొదట చెప్పినాడు. భగవద్రామానుజులు తమ భాష్యమున వీనిని వేరువేరుగా విడదీసి చూపినారు. ధార్మికుడను పేరు కొరకు ధర్మము నాచరించుట దంభము. విషయభోగముల వలన పొంగి, చేయదగినదేదో, తగనిదేదో తెలియనీయని సంతోషము దర్పము. మూడవదానిని వారు అతిమానముగా గ్రహించి, తన విద్యకు, వంశమునకు మించి తన్ను తాను గొప్పగా తలంచుటయే అది యని సెలవిచ్చినారు.

ఈ మూడింటిలో రెండు క్షీరసాగర మథన కథలోనే కనబడును. దుర్వాస మహర్షి ప్రసాదించిన పుష్పమాలికను ఇంద్రుడు ఐరావతము తలపై ఉంచగా, ఆ ఏనుగు దానిని నేలపాలు గావించినది. స్వర్గభోగములలో తేలియాడువానికి మహర్షి ప్రసాదము విలువ తెలియకపోయెను. ఇది దర్పము. మహర్షి శాపముచే శ్రీ తొలగిపోయినది. తిరిగి సిరిని పొందుటకే సముద్రమును చిలుకవలసి వచ్చినది. అక్కడ వాసుకి తోక పట్టుకొనుడనగా అసురులు, “వేదాధ్యయనము చేసినవారము, గొప్ప వంశమున పుట్టినవారము, మేము తోక పట్టుదుమా?” అని మొండికెత్తినారు. ఇది అతిమానము. స్వామి చిరునవ్వుతో తల విడిచి తోక పట్టినాడు. కోరి తల పట్టినవారికి దక్కినది వాసుకి కక్కిన పొగయు, సెగయు!

మందరగిరి మునిగిపోవునపుడు స్వామి కూర్మరూపుడై దానిని వీపున దాల్చినాడు. పైన చిలుకువారు అందరికిని కనబడినారు. క్రింద మోయువాడు నీటిలోనే ఉండిపోయినాడు. ఆ స్వామియే మన జిల్లాలో శ్రీకూర్మమున పశ్చిమాభిముఖుడై వెలసియున్నాడు. నిమ్మాడ నుండి బయలుదేరిన యాత్రికుడు నరసన్నపేట, శ్రీకాకుళముల మీదుగా ఆ సన్నిధికి చేరవచ్చును. అచ్చటి స్తంభములపై ఎందరో దాతల శాసనములున్నవి. 1281 నాటి నరహరితీర్థుల శాసనము వానిలో ప్రసిద్ధమైనది. పేరు చెక్కించుటయే దంభమగునా యని సందేహము రావచ్చును. కాదు. అఖండదీపమునకు ఎవరు ఏమి ఇచ్చినారో వ్రాసియున్ననే గదా ఆ దీపము తరతరములు వెలుగునది! పేరు దీపము కొరకైనచో అది ధర్మము. దీపమే పేరు కొరకైనచో అది దంభము.

దంభమునకు దృష్టాంతము పురాణములలో వెదుకనక్కరలేదు, నాయందే కలదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానమున ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరిచెట్లు, జీడితోటలు కూలిపోయినవి. మేము కొందరము బియ్యపు మూటలతో ఒక పల్లెకు పోయితిమి. బండికి మా పేర్లతో గుడ్డపట్టీ కట్టితిమి. ఒక ముదుసలి చేతికి మూట నందించుచు, ఫొటో తీయువాడు సిద్ధమగు వరకు నేను దానిని విడువలేదు. ఆమె చేతులు చాచియే నిలిచి, “బాబూ, బేగి ఇచ్చీయండి. ఇంటికాడ పిల్లలున్నారు” అన్నది. ఆమె నన్ను నిందింపలేదు. కాని నేను భాష్యమున చదివిన దంభశబ్దమునకు అర్థము ఆ క్షణముననే తెలిసినది. ఆ ఫొటోలో నా ముఖము స్పష్టముగా ఉన్నది. ఆమె ముఖము మూట చాటున పడినది.

గీతాచార్యుడు ఆ అధ్యాయముననే 17వ శ్లోకమున పేరు కొరకు చేయు యజ్ఞములను ఆసురములుగా చెప్పినాడు. కావున భక్తులారా, ఉత్సవమునకు చందా ఇచ్చునపుడు, పల్లకి ముందు నడచునపుడు, ఇంట అతిథికి వడ్డించునపుడు మనలను మనమొక ప్రశ్న వేసికొందము: ఎవరును చూడకున్న ఈ పని చేయుదునా? చేయుదునన్న నిశ్చింతగా చేయుదము. చేయనన్నచో పనిని మానవలదు, చూపును మానుదము. బియ్యము ఎవరు ఇచ్చినను ఆకలి తీరును. కాని ఇచ్చినవాని ఆకలి దంభము ఉన్నంతకాలము తీరదు.

కొండను మోసియు కనబడని శ్రీకూర్మనాథుడు మనకు మోయు బలమును, మరుగున నుండు వినయమును అనుగ్రహించుగాక!